సంక్రాంతి ప్రోగ్రాం: 'అమ్మమ్మ చిన్నప్పుడు' టేబుల్‌కి ఎవరేం తెస్తున్నారు?

అందరికీ నమస్తే. ఈసారి మన న్యూజెర్సీ సంక్రాంతిలో అమ్మమ్మ స్కిట్ వద్దండీ, పోయినేడు పిల్లల తలకి పౌడర్ కొట్టి చేతికి కర్రిచ్చి వంగి నడిపించాం, అమ్మమ్మకి కూడా ఒకప్పుడు ఎనిమిదేళ్ళుండేవని ఒక్కళ్ళకీ తట్టలేదు. మా అమ్మ మార్చి దాకా ఇక్కడే, 1948లో పాలకొల్లు దగ్గర పుట్టింది, తన చిన్నప్పటి ఆటలూ వస్తువులూ పెట్టే ఈ టేబుల్ దగ్గర తనే కూర్చుంటానంది. వామనగుంటలు నావి. చెక్క పీట దొరకలేదు, కోడిగుడ్ల అట్టపెట్టెతో లాగించేద్దాం, కాకపోతే దానికి పన్నెండు గుంటలే, ఇంకో పెట్టెలోంచి రెండు కత్తిరించి అతికించాలి. గుంటకి ఐదు, అంటే డెబ్బై చింతపిక్కలు, మూడు సెట్లకి 210. పులుసు పిసికాక పిక్కలు పారేయకండమ్మా!

— పిక్కలు నేనిస్తా అక్కా, సీడ్‌లెస్ ప్యాకెట్లో కూడా బోలెడు వస్తాయి 😀 అష్టాచెమ్మాకి గవ్వలెవరి దగ్గరున్నాయి?

— గవ్వలెందుకమ్మా, నాలుగు పిక్కలు ఒకవైపు గచ్చుకేసి తెల్లగా అయ్యేదాకా అరగదీయండి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగూ నల్లగా పడితే అష్ట. మేమట్లాగే ఆడాం.

— లాంతరు తెస్తా, కిరసనాయిలు పోయొచ్చా?

— స్కూల్ హాల్లో మంట ఒప్పుకోరు అన్నా, లోపల బ్యాటరీ కొవ్వొత్తి పెట్టేయండి. కుంకుడు రసం కూడా గిన్నెలో నురగ చూపించి ఆపేద్దాం, ఎవడి కంట్లోనన్నా పడిందంటే వాళ్ళమ్మతో ఎవరు మాట్లాడతారు. మా అమ్మేమో ఉప్పుగల్లు నోట్లో వేసుకుంటే మంట పోతుందంటోంది, వాళ్ళకి ఆదివారం ఆదివారం అదే మందంట.

— చిల్లర కొట్టు పెడదామా? అట్టముక్కలతో అణాలు చేస్తా, జీళ్ళు మరమరాల ఉండలు అమ్ముదాం.

— పెట్టండి! 1957 ఏప్రిల్లో రూపాయికి పదహారణాల బదులు వంద నయాపైసలొచ్చినప్పుడు అమ్మకి తొమ్మిదేళ్ళు. అణాకి ఆరు పైసలు, పావలాకి మాత్రం ఇరవై అయిదు, అంటే పావలా విడగొట్టి నాలుగణాలుగా ఖర్చుపెడితే ఇరవై నాలుగే కదా, ఆ ఒక్క పైసా ఎటు పోయిందని కొట్టాయనతో పేచీ పెట్టుకుందంట. పిల్లలతో ఆ లెక్కే చేయించండి, జీడి ఊరికే ఇవ్వద్దు.

— శనివారం సాయంత్రం మా బేస్‌మెంట్‌లో అతికింపుడు పని, కత్తెరలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోండి. పిక్కలెన్నయ్యాయి?

— నా దగ్గర 38. ఈ వారమంతా మా ఇంట్లో పులిహోరే.