ఆగస్టులో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరుతున్నాను, సలహా కావాలి

అందరికీ నమస్కారం. హెచ్‌వన్‌బీ వీసా మీద ఇక్కడ అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరుతున్నాను. ఇంకా చేరకముందే ఛైర్ (డిపార్ట్‌మెంట్ హెడ్) నన్ను మూడు కమిటీల్లో వేశారు. "మీరైతే స్టూడెంట్లతో ఓపిగ్గా ఉంటారు" అన్నారు. డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఆడవాళ్లం ఇద్దరమే. కాదంటే ఏమనుకుంటారో అని టెన్షన్‌గా ఉంది.

---

చెల్లీ, వయసులో పెద్దదాన్ని, నువ్వనే రాస్తున్నాను. పదిహేడేళ్ల కిందట నాదీ ఇదే కథ. మొదటి ఏడాదే నాలుగు కమిటీలు. నాతోపాటు చేరిన అబ్బాయికి ఒక్కటే, అదీ సెమిస్టర్‌కి ఒకసారి కలిసేది. మీటింగ్‌లో మినిట్స్ రాయడానికి పెన్ను ఎప్పుడూ నా వైపే జరిపేవాళ్లు. మూడో ఏడాది రివ్యూలో మాత్రం "రీసెర్చ్ మందకొడిగా ఉంది" అని రాశారు. కమిటీల ఊసే లేదు. ఆ కాగితం పట్టుకుని పార్కింగ్‌లో, కారులో కూర్చుని ఏడ్చాను.

ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొన్నాను. తేదీ, ఎవరు అడిగారు, ఏం పని, ఎన్ని గంటలు పట్టింది, అన్నీ రాశాను. వార్షిక నివేదికకి ఆ లెక్క జత చేశాను. ఎన్నిసార్లు నోటితో చెప్పినా కదలని ఛైర్ ఆ కాగితం చూశాక రెండు కమిటీలు తీసేశారు.

ఎంఐటీలో నాన్సీ హాప్కిన్స్ అనే జీవశాస్త్ర ప్రొఫెసర్ గురించి చదువు. జీబ్రాఫిష్ అనే చిన్న చేపల మీద పరిశోధనకి ఇంకాస్త చోటు అడిగితే ఇవ్వలేదు. మగ ప్రొఫెసర్లకి ఎంత చోటుందో చూద్దామని ఆవిడ టేపు పట్టుకుని ల్యాబులు కొలిచింది. 1994లో అక్కడి సైన్స్ విభాగాల్లో టెన్యూర్ (శాశ్వత ఉద్యోగం) వచ్చిన ఆడవాళ్లు 15 మందే, మగవాళ్లు అంతకి పదింతలకు పైనే. ఆ ఆడవాళ్లు దాదాపు అందరూ ఒక్కటయ్యారు. 1999లో ఎంఐటీయే వివక్ష ఉందని ఒప్పుకుంటూ రిపోర్టు బయటపెట్టింది. అంతటి సైంటిస్టు మాట నమ్మించడానికి కూడా టేపు కావాల్సి వచ్చింది, తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

నువ్వు ఛైర్‌కి నేరుగా కాదనక్కర్లేదు. "టెన్యూర్‌కి ఇది ఎంత లెక్కకొస్తుంది? దీని బదులు నేను చెప్పాల్సిన కోర్సు ఒకటి తగ్గిస్తారా?" అని ఈమెయిల్‌లో అడుగు. ఫోన్‌లో మాట్లాడితే, అనుకున్నదంతా అదే రోజు రాసి పంపు.

---

అక్క చెప్పింది అక్షరాలా నిజం. పిల్లలు పుట్టినప్పుడు చాలా చోట్ల టెన్యూర్ గడువు ఒక ఏడాది పెంచుతారు. టెన్యూర్ సమయంలో నీ పని మీద అభిప్రాయం అడుగుతూ బయటి ప్రొఫెసర్లకు పంపే లేఖలో ఆ ఏడాదిని లెక్కలో వేయొద్దని తప్పకుండా రాయించు. నా విషయంలో రాయలేదు, "ఏడేళ్లకి ఇంతేనా" అని ఒకాయన రాశాడు. అమెరికా ఎకనామిక్స్ డిపార్ట్‌మెంట్ల మీద 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, తల్లికీ తండ్రికీ ఒకేలా గడువు పెంచిన చోట మగవాళ్లకు టెన్యూర్ రావడం పెరిగింది, ఆడవాళ్లకు తగ్గింది.

ఎవరైనా హద్దు మీరితే, ఫిర్యాదు చేయాలా వద్దా అని తేల్చుకోకముందే తోటి ప్రొఫెసర్‌కి చెప్పకు. చాలా చోట్ల వాళ్లు టైటిల్ నైన్ ఆఫీసుకు (లైంగిక వివక్ష, వేధింపుల ఫిర్యాదులు చూసేది) రిపోర్ట్ చేసి తీరాలి. ముందు ఆంబుడ్స్ ఆఫీసుకి వెళ్లు, అది ఎవరి పక్షమూ వహించకుండా, మామూలుగా గోప్యంగా సలహా ఇచ్చే చోటు.

గ్రీన్ కార్డు సంగతి కూడా ఇప్పుడే కదుపు. టీచింగ్ పోస్టులకుండే ప్రత్యేక పెర్మ్ దరఖాస్తు (గ్రీన్ కార్డుకి ముందు మెట్టు), నిన్ను ఎంపిక చేసిన నాటి నుంచి 18 నెలల్లోపు యూనివర్సిటీ వేయాలి. నా వీసా వాళ్ల చేతిలో ఉందని, ఏ పని చెప్పినా తలూపే స్థితి నాకు అయిదేళ్లు నడిచింది.

---

చెల్లీ, ఛైర్‌కి రాసే ఈమెయిల్ పంపేముందు నాకు ఒకసారి చూపించు. ఈ రాత్రికే చూసి ఇస్తాను.