జిల్లా పేజీ కటింగ్ ఒక్కటి చాలా?

పెన్నా గట్టు:
తెలుగు వికీపీడియాలో మన నెల్లూరు జిల్లా నాయకుడొకాయన వ్యాసంలో "భూకబ్జా చేశాడు" అని ఒక వాక్యం చేరింది. ఆధారం ఒక పత్రిక జిల్లా ఎడిషన్‌లో వచ్చిన సింగిల్ కాలమ్ వార్త. నేను తీసేశా, మళ్లీ పెట్టారు. బతికున్న మనిషి మీద ఆరోపణకి అది చాలదంటాను. మీరేమంటారు?

ఒంగోలు గిత్త:
పెట్టింది నేనే. ఏందన్నా, జిల్లా పేజీ పనికిరాదంటే మనోళ్ల గురించి రాసేదెట్టా? కందుకూరు వైపు హరిశ్చంద్రుడి వేషం కట్టే పద్యనాటక కళాకారుడికి ఉండే ఆధారమల్లా జిల్లా పేజీ, సన్మాన సంచిక. ఆయనకి చెల్లింది ఈయనకి చెల్లదా?

పెన్నా గట్టు:
చెల్లదు తమ్ముడూ. వేషం సంగతి తప్పయితే పోయేదేం లేదు. కబ్జా సంగతి తప్పయితే రేపు ఆయన కూతురికి సంబంధం చూసేవాళ్లు కూడా ఫోన్‌లో అదే చదువుతారు. 2005లో ఇంగ్లీషు వికీలో జాన్ సీగెంథాలర్ అనే పాత్రికేయుణ్ణి కెన్నెడీల హత్యల్లో అనుమానించారని ఎవరో తమాషాకి రాస్తే నాలుగు నెలలు అట్నే ఉండిపోయింది. ఆ గొడవ తర్వాతే నియమాలు బిగించారు. గట్టి ఆధారం లేని ఆరోపణని చర్చ కోసం ఆగకుండా తీసేయాలి, మళ్లీ పెట్టేవాళ్లే రుజువు తేవాలి.

కావలి మాస్టారు:
కొన్నాళ్లు జిల్లా పేజీకి వార్తలు రాసినవాణ్ణి. సాయంత్రం స్టేషన్ నుంచి ప్రెస్ నోట్ వస్తుంది, పేజీ పెట్టేలోగా పంపాలి. అవతలి మనిషి ఫోన్ ఎత్తకపోతే "అందుబాటులోకి రాలేదు" అని ఒక ముక్క చేరుస్తాం. అరెస్టు ఫొటోతో సహా పడుతుంది. ఏళ్ల తర్వాత కేసు కొట్టేసిన రోజు కోర్టు దగ్గర మాలో ఒక్కడూ ఉండడు.

ఒంగోలు గిత్త:
మరి ఎన్నికల అఫిడవిట్, మాస్టారూ? ఫారం 26లో ఆ కేసు ఆయనే రాసి సంతకం పెట్టాడు గదా!

కావలి మాస్టారు:
కేసుందని చెప్పడానికి సరే, చేశాడనడానికి కాదు. నువ్వు రాసింది రెండోది. పైగా కోర్టు కాగితాలు, అట్టాంటి ప్రభుత్వ పత్రాలు నేరుగా పట్టుకుని బతికున్నవాళ్ల మీద రాయొద్దని ఇంగ్లీషు వికీ నియమం.

మైపాడు గాలి:
అదే వ్యాసంలో "పేదల పెన్నిధి" అనుంది. ఆధారం అనుచరుడి యూట్యూబ్ ఛానల్. పొగడ్త మాత్రం ఎవరికీ కనపడదేం?

పెన్నా గట్టు:
అదీ ఇప్పుడే పీకేశా. తమ్ముడూ, ఇంకో పత్రిక సొంతంగా రాసింది తీసుకురా, "కేసు నమోదైంది" వరకు పెడదాం. ఒకే ప్రెస్ నోట్ రెండు పత్రికలు వేస్తే మాత్రం అది ఒక ఆధారమే.

ఒంగోలు గిత్త:
ఛార్జిషీటు వేసినప్పుడు మెయిన్ ఎడిషన్‌లో వచ్చినట్టు గుర్తు, లైబ్రరీలో వెతుకుతా. అందాకా పెట్టను. నియమం మాత్రం ఒప్పుకోనన్నా. భూమి మింగే శక్తున్నోడికి ఆ వార్త మెయిన్ పేజీ ఎక్కకుండా చూసుకోవడం రాదా?