వీడియో గేమ్ తయారీకి ప్రజల డబ్బు ఇవ్వాలా? బెంగళూరు తెలుగువాళ్ల చర్చ

హెచ్‌ఎస్‌ఆర్ చిత్రగుప్తుడు

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆ దెబ్బకి బెంగళూరులో చాలామంది ఉద్యోగాలు పోయాయి, అందులో నాదొకటి. సానుభూతి కోసం రాయడం లేదు. నేను చేసేది ఏం పనో నాకు తెలుసు. రమ్మీ యాప్‌లో గెలిచినవాడి మీద నాణేలు కురుస్తాయి చూశారా, ఆ యానిమేషన్ నాది. అవి ఎంతసేపు కురిస్తే మనిషి ఇంకో ఆటకి కూర్చుంటాడో మా దగ్గర కొలిచేవాళ్లు. ఓడినప్పుడు మాత్రం ఏ హడావుడీ ఉండకూడదు, అంకె గుట్టుచప్పుడు కాకుండా తగ్గిపోవాలి. ‘మళ్లీ ఆడు’ బటన్ పచ్చగా, బొటనవేలికి అందేచోట. ‘ఇక చాలు’ అనేది పైన మూలన, బూడిదరంగులో. జీతం బాగుండేది, చేశాను.

ఇప్పుడు అసలు విషయం. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌నీ, అంటే పోటీలుగా ఆడే వీడియో గేమ్‌లనీ, పందెం లేని ఆటల్నీ ప్రోత్సహిస్తామంటోంది. దేంతో? మన దేశంలో గేమింగ్‌కి వచ్చిన పెట్టుబడిలో పెద్ద వాటా పందెపు ఆటలకే పోయింది. కథ ఉన్న ఆట చేద్దామంటే వినే ఇన్వెస్టరే దొరకడు. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్‌కి కలిపి దేశంలో మొదటి విధానం తెచ్చింది కర్ణాటకే, 2012లో. 2024లో కొత్తదీ ప్రకటించారు. ల్యాబులు, సదస్సులు, ట్రైనింగులు, అన్నీ సరే. చిన్న స్టూడియోకి కావలసింది ఆట పూర్తయ్యేదాకా జీతాలు. ఫ్రాన్స్‌లో గేమ్ తయారీ ఖర్చులో 30 శాతం దాకా పన్ను రాయితీ ఇస్తున్నారు. పోలండ్ 2016 నుంచి తన పరిశోధన నిధుల్లోంచి గేమ్ కంపెనీలకు ప్రత్యేకంగా ఒక పథకం నడిపింది. మనకేం తక్కువ?

మదనపల్లి మూర్తి

తమ్ముడూ, ఉద్యోగం పోయినందుకు బాధే. కానీ ఎవరి డబ్బు అడుగుతున్నావో ఒకసారి చూసుకో. 2024 వేసవిలో ఇదే ఊళ్లో నీళ్ల ట్యాంకర్ కోసం అర్ధరాత్రి లేచి ఫోన్లు చేసినవాళ్లం మనం. బోర్లు ఎండిపోయిన ఊళ్లో గేమ్‌లకి గ్రాంటా? మా బావమరిది రమ్మీలో పోగొట్టుకున్నది నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బు. ఆంధ్రాలో 2020లోనే నిషేధించారు, అయినా ఏదో ఒక దారిలో ఆడాడు. ఇలాంటి ఆటల వల్ల ఏటా దాదాపు 20,000 కోట్లు పోతున్నాయని కేంద్రమే అంచనా చెప్పింది. ఆ రంగంలో పనిచేసినవాళ్లకి మళ్లీ మన జేబులోంచి తీసివ్వాలంటే ఎలా?

కేఆర్ పురం కిట్టు

మూర్తి గారూ, కన్నడ సినిమాలకి ప్రభుత్వం సబ్సిడీ ఇస్తూనే ఉంది కదండీ. అప్పుడు ట్యాంకర్లు గుర్తురాలేదా?

మదనపల్లి మూర్తి

అది కూడా వద్దనే అంటాను. నన్నెవరడిగారు?

వైట్‌ఫీల్డ్ వెంకట్

ఇన్వెస్టర్లు దుర్మార్గులైనట్టు మాట్లాడకండి. లెక్క చూడండి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో గేమ్ పెడితే 30 శాతం వాళ్లకే. గూగుల్ ప్లే ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల మీద 15 శాతం పట్టుకుంటుంది. మిగిలింది చేతికి రావాలంటే కొనేవాడుండాలి. మనవాళ్లు గేమ్ డౌన్‌లోడ్ చేస్తారు, కొనమంటే మొహం చాటేస్తారు. పందెపు ఆటల్లో ఆ బెడద లేదు, డబ్బు మనిషే తెచ్చి పోస్తాడు. అందుకే పెట్టుబడి అటు పోయింది. 2023 అక్టోబరు నుంచి వేసిన మొత్తం డబ్బు మీద 28 శాతం జీఎస్టీ పడేసరికి ఆ లెక్క తలకిందులైంది, 2025 చట్టంతో పూర్తయింది.

జనం దగ్గరే చందాలు వసూలు చేద్దామంటారా, అదీ అంత తేలిక కాదు. జనం చందాలు వేసే వెబ్‌సైట్ కిక్‌స్టార్టర్‌లో ఇండియాలో ఉన్నవాళ్లు నేరుగా ప్రాజెక్టు పెట్టడానికే లేదు. పుణె వాళ్లు చేసిన ‘రాజీ’ 2017లో అక్కడ చందాలు అడిగితే లక్ష్యం చేరలేదు. ఎలాగో కిందామీదా పడి 2020లో విడుదల చేశారు, మంచి పేరూ వచ్చింది. ఇంకోవైపు ‘స్టార్ సిటిజన్’ చూడండి. 2012లో చందాలు మొదలుపెట్టి 50 కోట్ల డాలర్లు దాటించారు, పదేళ్లు గడిచినా పూర్తి ఆట చేతికి రాలేదు. డబ్బు లేనివాడు పూర్తి చేశాడు, మునిగేంత డబ్బు ఉన్నవాడు చేయలేదు. గ్రాంట్లు మొదలైతే గేమ్‌లు తయారవుతాయో లేదో గానీ గ్రాంట్ అప్లికేషన్లు రాసిపెట్టే కన్సల్టెంట్లు మాత్రం తయారవుతారు. జర్మనీ అంతటి దేశమే 2023లో గేమ్‌లకిచ్చే నిధులు అయిపోయి కొత్త దరఖాస్తులు ఆపేసింది.

శాంత టీచర్, బీటీఎం

మీరంతా తయారుచేసేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. నేను ఆరో తరగతికి చెబుతాను, ఆడేవాళ్లు రోజూ నా ఎదురుగా కూర్చుంటారు. సోమవారం పొద్దున ఎవరు రాత్రి ఎంతసేపు ఆడారో మొహం చూసి చెప్పగలను. రమ్మీ పోయిందని సంబరపడుతున్నారు గానీ, ‘ఉచితం’ అనే ఆటల్లో పిల్లలు కొనే మూసిన పెట్టెల సంగతి ఏమిటి? లోపల ఏముందో తెలియకుండా డబ్బు కట్టి తెరవడం లాటరీ కాక మరేమిటి? బెల్జియం 2018లోనే అది జూదం కిందికే వస్తుందని తేల్చింది. మన చట్టం పందెం మీద పడింది, దీని జోలికి పోలేదు.

రాత్రిపూట తాళం వేయడం మీద కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. దక్షిణ కొరియాలో పదహారేళ్ల లోపు పిల్లలు అర్ధరాత్రి నుంచి ఆరింటిదాకా ఆడకూడదని 2011లో పెట్టి, పదేళ్లకి వాళ్లే ఎత్తేయాలని నిర్ణయించారు. పక్కనే తమిళనాడు 2025లో, ఈ నిషేధానికి ముందే, పెద్దల పందెపు ఆటలకి పన్నెండు నుంచి ఐదు దాకా విరామం పెట్టింది, మద్రాసు హైకోర్టు కూడా సమర్థించింది. పెద్దాళ్ల ఆధార్‌తో లాగిన్ అయ్యే పిల్లల్ని ఏ గడియారమూ ఆపలేదు. ఆట ఎలా కట్టారన్నదే ముఖ్యం. కాబట్టి ప్రజల డబ్బు ఇస్తే ఇవ్వండి, మూసిన పెట్టెలు లేకుండా, ‘రేపు రాకపోతే నీ బహుమతి పోతుంది’ అని బెదిరించకుండా చేసేవాళ్లకే ఇవ్వండి. మార్కెట్టు అలాంటి ఆటలకి డబ్బు పెట్టదని వెంకట్ గారే చెప్పారుగా.

హెచ్‌ఎస్‌ఆర్ చిత్రగుప్తుడు

టీచర్ గారూ, ఆ షరతుకి రెండు చేతులా ఒప్పుకుంటాను. నాకు భయం వేరే షరతుల గురించి. ఫ్రాన్స్‌లోనూ బ్రిటన్‌లోనూ రాయితీ కావాలంటే సాంస్కృతిక పరీక్ష నెగ్గాలి, అంటే ఆటకి వాళ్ల సంస్కృతితో ఎంత సంబంధం ఉందో మార్కులు వేస్తారు. మన దగ్గర అలాంటిది పెడితే కమిటీలో ఎవరు కూర్చుంటారో ఊహించుకోండి. ప్రతి దరఖాస్తులోనూ ఒక విల్లు, ఒక గద, ఒక స్వాతంత్ర్య సమరయోధుడు. దర్శిని హోటల్లో రాత్రి షిఫ్టు కుర్రాడి కథతో ఆట చేస్తానంటే ‘ఇందులో సంస్కృతి ఎక్కడుంది?’ అంటారు. పోలండ్ ప్రధాని 2011లో ఒబామాకి ‘విచర్ 2’ ఆటని బహుమతిగా ఇచ్చాడు. రాక్షసులు, రక్తం, తాగుడు అన్నీ ఉన్న ఆట అది. అంత ధైర్యం మన వాళ్లకుందా?

ఇంకొకటి. ఒకచోట ఇలాంటి నిధికే అడగబోతే మూడేళ్ల ఆడిట్ లెక్కలు తెమ్మన్నారు. మూడేళ్ల లెక్కలున్నవాడికి మీ నిధి ఎందుకండీ?

లైనక్స్ లోకేశ్

గేమ్‌లకి ఇవ్వాలా వద్దా అని కొట్టుకోవడం ఎందుకు? పనిముట్లకి ఇవ్వండి. మీలో ఎవరైనా గేమ్ ఇంజన్‌లో, అంటే ఆటలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో, తెలుగు రాసి చూశారా? యూనిటీ అనే ఇంజన్‌లో చాలామంది వాడే టెక్స్ట్ పనిముట్టులో ‘లక్ష్మి’ అని కొడితే వత్తులు కిందికి రావు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అని వరసగా విడిపోయి నిలబడతాయి. మా వాడొకడు విసుగొచ్చి డైలాగులన్నీ ఫోటోషాప్‌లో బొమ్మలుగా చేసి పెట్టాడు. ఒక్క అక్షరం మార్చాలంటే మళ్లీ బొమ్మ చేయాలి. కన్నడానికీ ఇదే గతి. తెలుగులో ఆటలు ఎందుకు రావంటే సగం కారణం ఇలాంటిదే, డబ్బు తర్వాత సంగతి.

గోడో ఇంజన్ 2023లో వచ్చిన నాలుగో వెర్షన్‌లో ఇది చాలావరకు సరిచేసుకుంది, ఎందుకంటే అందరికీ తెరిచి ఉంచిన కోడ్ అది. అదే ఏడాది సెప్టెంబరులో యూనిటీ ఏం చేసిందో గుర్తుందిగా? ఇన్‌స్టాల్ లెక్కన రుసుము కట్టాలంది, ప్రపంచమంతా గగ్గోలు పెట్టాక ఏడాదికి వెనక్కి తీసుకుంది. ప్రభుత్వం ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లకి జీతమిచ్చి భారతీయ లిపులు, ఫాంట్లు, గొంతులు అందరికీ ఉచితంగా అందేలా చేయిస్తే చాలు. కమిటీకి కథలతో పనే ఉండదు.

మదనపల్లి మూర్తి

ఈ అబ్బాయి చెప్పింది కాస్త నయం. ఎవరి గేమ్ ఫ్లాపైనా ఆ పని మిగులుతుంది, రైతు యాప్‌కైనా పనికొస్తుంది. దీనికైతే నా పన్నులోంచి తీసుకోండి. ఆటలకి మాత్రం కుదరదు.

వైట్‌ఫీల్డ్ వెంకట్

మొదటి ఏడాది రిబ్బన్ కటింగ్, ఫొటోలు. మూడో ఏడాది ఆ వెబ్‌సైట్ తెరుచుకోదు. ప్రభుత్వ ఫాంట్లు చూడలేదా మనం?

హెచ్‌ఎస్‌ఆర్ చిత్రగుప్తుడు

లోకేశ్ బ్రో, నీ పనిముట్ల ఆలోచన బాగుంది, కానీ వత్తులు సరిగ్గా పడ్డాయని ఇంటి ఓనర్ అద్దె మాఫీ చేయడు. ఆట కట్టేవాళ్లు ఊళ్లో నిలబడాలి కదా. నా స్నేహితులు అప్పుడే యాడ్ ఏజెన్సీలకి పోతున్నారు. వెళ్లినవాళ్లు తిరిగి రారు.

మూర్తి అన్నా, పోనీ గ్రాంటు వద్దు, తిరిగి కట్టే పద్ధతిలో ఇవ్వమనండి. ఆడి చూడదగ్గ డెమో తెస్తేనే మొదటి విడత. ఆట అమ్ముడుపోతే ఆ వసూళ్లలోంచి అసలు కడతాం. ఇది సరేనా?

మదనపల్లి మూర్తి

వసూలు మొదలైన రోజు నుంచే కట్టాలి. సగం మీకు, సగం ఖజానాకి, అసలు తీరేదాకా.

హెచ్‌ఎస్‌ఆర్ చిత్రగుప్తుడు

సగమా! స్టీమ్ 30 శాతం, పన్నులు పోగా మిగిలిన దాంట్లో సగమిస్తే రెండో ఆట ఎలా మొదలుపెడతాం? పావలా వాటా అనండి, అదీ ఆర్నెల్ల తర్వాత.

మదనపల్లి మూర్తి

ఆర్నెల్లు ఎందుకు? మూడు.

శాంత టీచర్, బీటీఎం

మీ బేరం మీరాడుకోండి. మూసిన పెట్టెల షరతు మాత్రం మొదటి విడతలోనే రాయించండి.