గోదావరి లంకల (ఏటి మధ్య దీవుల) వాళ్లకు వరద గురించి క్యూసెక్కుల్లో చెప్పాలా, రేవు మెట్లల్లో చెప్పాలా?

గట్టుదారి:
ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేసిన ప్రతిసారీ మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకటే మెసేజ్ తిరుగుతుంది. నీటిమట్టం 11.75 అడుగులు, సముద్రంలోకి 10 లక్షల క్యూసెక్కులు, లోతట్టు ప్రాంతాల వారు అప్రమత్తంగా ఉండాలి. మా పెద్దమ్మకి కావలసింది వేరే. గేదెల్ని ఈ రాత్రే గట్టు మీదకి తోలేయాలా, పొద్దున్న తోలినా సరిపోతుందా? దానికి ఆ మెసేజ్‌లో జవాబు లేదు. క్యూసెక్కులు, అంటే సెకనుకి ఎన్ని ఘనపుటడుగుల నీరు పారుతుందనేది, ఇంజనీర్లు ఇంజనీర్లతో మాట్లాడుకునే లెక్క. అవి ఆఫీసులో ఉంచుకుని, మాకు మాత్రం "రేపు మధ్యాహ్నానికి మీ కాజ్‌వే (లంకకి వెళ్లే పల్లపు దారి) మీదకి నీళ్లొస్తాయి" అని చెబితే చాలు కదా. ఎందుకు చెప్పరు? కాదనేవాళ్లుంటే చెప్పండి.

పాతఏఈ:
కాదంటానండి. చాలా ఏళ్లు ఏటిగట్ల పనిలో ఉన్నవాణ్ణి, ఇప్పుడు రిటైరయ్యాను. ధవళేశ్వరంలో మాకు ఖచ్చితంగా తెలిసేది స్కేలు మీద మట్టం, గేట్ల కింద నుంచి పోయే నీరు, అంతే. ఆ 10 లక్షలు కిందికొచ్చి గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల్లోకి పంచుకుంటాయి, ఏ పాయలో ఇసుక ఎంత మేట వేసిందో, ఏ లంక ఒడ్డు పోయినేడాది కోతకి పోయిందో దాన్నిబట్టి మట్టం మారుతుంది. సముద్రం దగ్గర ఊళ్లకి ఇంకో చిక్కు ఉంది. అమావాస్యకో పౌర్ణమికో పోటు గట్టిగా ఉంటే నీరు లాగదు, అదే 10 లక్షలకి అర అడుగో అడుగో ఎక్కువే నిలబడుతుంది. ఇన్ని ఉండగా "రేపు మధ్యాహ్నం మీ కాజ్‌వే" అని నేను చెప్పి, అది మునగకపోతే? ఆ తర్వాత 17 లక్షలు వచ్చినా, మూడో హెచ్చరిక ఎగరేసినా, నా మాట విని లేచేవాడు ఉండడు. తెలిసిన అంకె చెప్పడం మొరటుగా ఉంటుందేమో గానీ అబద్ధం కాదు.

పైగా తేలిక చేస్తే ఏమవుతుందో కూడా చూశాం. మనకి ఎగువన ఉన్న భద్రాచలంలో 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3. టీవీలో ఈ రెండూ పక్కపక్కన వేస్తే నాలుగడుగుల తేడానే కదా అనిపిస్తుంది. ధవళేశ్వరంలో చూస్తే 86లో సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022లో 25 లక్షలు దాటింది. అంటే తేడా లక్షల్లో ఉంది. అడుగులు ఒక్కటే చెప్పి ప్రవాహం దాచేస్తే ఇది ఎవరికీ తట్టదు. ఇంకా ఆ 71 అడుగుల్ని నది లోతు అనుకునేవాళ్లు చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు. అది స్కేలు మీద మార్కు మాత్రమే, ఏటి అడుగు నుంచి కొలిచింది కాదు.

రొయ్యలచెరువు:
పాతఏఈ గారితో నేనూ ఏకీభవిస్తాను గానీ నా కారణం వేరు. మాది భీమవరం వైపు. మా దగ్గర ఇంగ్లీషు ముక్క రాని రైతు కూడా డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంతుంది, పీహెచ్ ఎంతుంది, ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) అని గడగడా మాట్లాడతాడు. ఆ డీఓ 3 పీపీఎం కిందికి దిగితే రొయ్య ఇబ్బంది పడుతుందని, రాత్రంతా చెరువులో నాచు కూడా ఆక్సిజన్ తాగేస్తుంది కాబట్టి తెల్లవారుజామునే బాగా పడిపోతుందని, మబ్బు పట్టిన రోజైతే ఏరేటర్లు (నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలు) ఆపకూడదని వాడు ఎవరికైనా పాఠం చెప్పగలడు. వందో కౌంటు అంటే కిలోకి వంద రొయ్యలని చిన్నపిల్లాడికీ తెలుసు. జనానికి అర్థం కాదు, అర్థం కాదు అని మీరే అనుకుంటున్నారు. డబ్బు పోయే చోట ఎంత కష్టమైన మాటైనా వారంలో వచ్చేస్తుంది.

గట్టుదారి:
బాబూ, మీ మీటరు మీ చేతిలోనే ఉంటుంది, అది కొలిచేది మీ చెరువునే. 3 చూపిస్తే ఏరేటర్ వేస్తారు, అరగంటలో ఫలితం కనిపిస్తుంది, అలా రోజూ చూసి చూసి నేర్చుకున్నారు. నా స్కేలు ధవళేశ్వరంలో ఉంది, నా పాక లంకలో ఉంది. మధ్యలో పాతఏఈ గారు చెప్పిన ఇసుక మేటలు, పోట్లు, కోతలు అన్నీ ఉన్నాయి. ఇంజనీరుకే తేలని లెక్కని మా పెద్దమ్మ రాత్రి పదింటికి తేల్చుకోవాలా? మాట కష్టమైందని నా గొడవ కాదు. లెక్క సగంలో ఆపేసి మిగతా సగం మా మీదకి తోసేస్తున్నారు.

ఇసుకతిన్నె:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మొన్న ఓ చానల్లో యాంకర్ "10 లక్షల టీఎంసీలు సముద్రంలోకి" అన్నాడు. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, అది పారే వేగం. టీఎంసీ అంటే పోగైన నీరు, వంద కోట్ల ఘనపుటడుగులు. 10 లక్షల క్యూసెక్కులు రోజంతా పారితే 86 టీఎంసీల చిల్లర. ముందు వీళ్లకి చెప్పండి ఎవరైనా, లంకల వాళ్ల సంగతి తర్వాత చూద్దాం.

వైనతేయఒడ్డు:
ఆయ్, ఇక్కడ ఎవరూ పడవవాళ్ల ఊసెత్తలేదు. మా రేవులో ఆ మిగతా సగం లెక్క చేసేది వాళ్లే. ధవళేశ్వరంలో ఫలానా మట్టం దాటిందంటే రేవులో ఏ మెట్టు మునుగుతుంది, ఎన్ని గంటలకి మునుగుతుంది, పోటు రోజైతే ఇంకో మెట్టు కలుపుకోవాలి అని నోటితోనే చెప్పేస్తారు. భద్రాచలంలో తగ్గిందని టీవీలో చూసి సంబరపడితే "మనకి ఇంకా పెరుగుతాది, ఆగు" అంటారు. 2022 తర్వాత మా కుర్రాళ్లు కొందరు ఆ మెట్లకి రంగు వేసి, పక్కనే ధవళేశ్వరం మట్టం కూడా రాశారు. ఇప్పుడు మెసేజ్‌లో 13.75 అని చూడగానే, రెండో హెచ్చరిక కాబట్టి, ఏ రంగు దగ్గర చూడాలో ఆడవాళ్లక్కూడా తెలుసు. అలాంటప్పుడు మెసేజ్‌లో అంకె తీసేస్తే మా మెట్లన్నీ దండగే. అంకె ఉండాలి, దాన్ని తగిలించుకోడానికి ఊళ్లో ఓ గుర్తూ ఉండాలి. గట్టుదారి గారు అంకె వద్దంటున్నారు, పాతఏఈ గారు అంకె చాలంటున్నారు. నాకు రెండూ సగం మాటల్లాగే ఉన్నాయి. కాకపోతే మా పక్క లంకలో పడవలూ లేవు, మెట్లూ లేవు, బాడుగకొచ్చి కొబ్బరితోట కాపలా ఉండేవాళ్లే ఎక్కువ. వాళ్ల సంగతేంటో నాకూ తెలీదు.

పాతఏఈ:
మెట్లకి రంగు వేయడం బాగుందండి. అయితే ఒక సంవత్సరం వేసింది మరుసటి ఏటికి పనికిరాకపోవచ్చు, ఏరు అడుగు మారిపోతుంది. ప్రతి వరద తర్వాత సరిచూడాలి. ఇక గట్టుదారి గారి మాటకి వస్తే, "రేపు మధ్యాహ్నం నుంచి ఎల్లుండి పొద్దుటి లోపు, కాజ్‌వే మీద మోకాలి నుంచి నడుం దాకా" అని చెప్పడం సాధ్యమే. మాలో కొందరు నోటిమాటగా చెబుతుంటారు కూడా. కాగితం మీద మాత్రం పెట్టరు. ఎందుకంటే తప్పితే సంతకం పెట్టినవాడి మీదకే వస్తుంది. స్కేలు మీద అంకె తప్పిందని ఎవరికీ మెమో రాదు.

గట్టుదారి:
ఇప్పుడు అసలు మాట బయటికొచ్చింది. మాకు అర్థం కాదని క్యూసెక్కుల దగ్గర ఆపడం లేదు, మెమో వస్తుందని ఆపుతున్నారు.

సచివాలయంఉద్యోగి:
పేరు చెప్పను. ఆ మెసేజ్ ఊళ్లోకి పంపేది మాలాంటివాళ్లే. మాకు పైనుంచి వచ్చేది ఆ మూడు ముక్కలే, ఒక్క అక్షరం కలపడానికి భయం. పోయినసారి ఒకావిడ ఫోన్ చేసి, లోతట్టు అంటే మాదేనా అండి, మా ఇల్లు మెరక మీద కదా అని అడిగింది. మెరకే గానీ ఆ ఇంటికి దారి పల్లంలో ఉంది, అది ముందు మునుగుతుంది. రాత్రికే బయటికి రమ్మని ఫోన్లోనే చెప్పేశాను, సంతకం ఏమీ లేదు. అలా నేనైతే ఓ ఇరవై ఇళ్లకి చెప్పగలను. మండలం మొత్తానికి ఎవరు చెబుతారు? పాతఏఈ గారూ, మోకాలి దాకా, నడుం దాకా అన్న ఆ అంచనా కనీసం మా ఫోన్లకైనా వచ్చే ఏర్పాటు ఉందా?

పాతఏఈ:
నేనున్నప్పుడు లేదు. ఇప్పుడున్నవాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే రాయండి.