56 డిగ్రీల ఎడారి ఎండా, 36 డిగ్రీల బెజవాడ ఉక్కా: ఏది ఎక్కువ ప్రమాదం?

పటమట కుర్రాడు:
నిన్న రాత్రి మేడ మీద మా బావతో మొదలైన వాదన ఇంకా తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా. అమెరికాలోని డెత్ వ్యాలీలో 1913 జూలై 10న 56.7 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ వాతావరణ సంస్థ లెక్కలో ఇప్పటికీ అదే రికార్డు. మన దేశంలో 2016 మే 19న రాజస్థాన్‌లోని ఫలోడీలో 51 వచ్చింది. బావ ఆరేళ్ళు జోధ్‌పూర్‌లో ఉద్యోగం చేశాడు. "అక్కడ 45లో తిరిగాను కానీ, ఇక్కడ సాయంత్రం 36కే ప్రాణం కడగడుతోంది" అంటాడు. అంకె అంకేగా, 45 కంటే 36 ఎలా ఎక్కువవుతుందని నా ప్రశ్న.

రెంటచింతల ఆడపడుచు:
నేను మీవైపే తమ్ముడూ. మాది రెంటచింతల, ఎండలకు పేరు పడ్డ ఊరు. రోహిణి కార్తెలో పడమర గాలి తోలితే ఒంట్లో తడి ఎప్పుడు పోయిందో కూడా తెలియదు. చెమట పట్టినట్టే ఉండదు, పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది. దాహం వేసేసరికే ఆలస్యమైపోతుంది. 2015 మేలో ఆంధ్ర, తెలంగాణల్లో కలిపి రెండు వేల మందికి పైగా పోయారు. అప్పుడు కొట్టింది ఉక్క కాదు, వడగాలి. మా నాపరాయి గోడల మీద రాత్రి పదింటికి కూడా చెయ్యి పెట్టలేం.

గుణదల:
డెత్ వ్యాలీ దాకా ఎందుకు, ఇరాన్‌లోని లూట్ ఎడారిలో 2005లో 70.7 డిగ్రీలట కదా?

సత్యనారాయణపురం:
గుణదల గారూ, ఆ 70.7 ఉపగ్రహం కొలిచిన నేల వేడి. మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ దగ్గర తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడితే మనకీ అర్థమవుతుంది, నేల వేరు, గాలి వేరు. గాలి వేడిని తెల్ల చెక్కపెట్టెలో, నీడలో, నేలకు ఎత్తుగా పెట్టిన థర్మామీటరుతో కొలుస్తారు. ఆ పద్ధతిలో చిన్న పొరపాటు జరిగినా రికార్డు నిలవదు. లిబియాలోని అల్ అజీజియాలో 1922లో నమోదైన 58 డిగ్రీలు తొంభై ఏళ్ళు ప్రపంచ రికార్డుగా చెలామణీ అయ్యాయి. పరికరం అలవాటు లేని మనిషి తప్పుగా చదివి ఉంటాడని తేల్చి 2012లో కొట్టేశారు. 1913 నాటి అంకెనూ అనుమానించే నిపుణులున్నారు. 2020, 2021లలో డెత్ వ్యాలీలోనే 54.4 నమోదైంది కాబట్టి, అది భయంకరమైన చోటు అనడంలో మాత్రం సందేహం లేదు. సముద్రమట్టానికి 86 మీటర్ల కిందికి దిగిన లోయ, చుట్టూ కొండలు. కిందికి దిగే గాలి నొక్కుకుపోయి ఇంకా వేడెక్కుతుంది.

ఇక అసలు సంగతి. పటమట తమ్ముడూ, మీ ఇంట్లో మట్టికుండ ఉందా? మా అమ్మ ఏటా కొత్తకుండ కొని, ఇసుక మీద పెట్టి, చుట్టూ తడిగుడ్డ కడుతుంది. పడమర గాలి ఉన్న రోజు మధ్యాహ్నం బయట 44 ఉన్నా ఆ నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంటాయి. అదే పైరగాలి తిరిగి ఉక్కపోసిన రోజు, 36కే, కుండలో నీళ్ళు గోరువెచ్చగా తగులుతాయి. కుండ అదే, గుడ్డ అదే. తేడా గాలిలో ఉన్న తేమది. తేమ ఎక్కువైతే గుడ్డ ఆరదు. ఆరకపోతే కుండ చల్లబడదు. మన ఒళ్ళూ ఆ కుండే. చెమట పట్టడం కాదు మనల్ని కాపాడేది, అది ఆరడం.

థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి, గాలి తగలనిచ్చి కొలిస్తే వచ్చేదాన్ని తడిబుడ్డి ఉష్ణోగ్రత అంటారు. 50 డిగ్రీలు, 5 శాతం తేమ ఉన్న ఎడారిలో అది సుమారు 21. మనకు 44 డిగ్రీలు, 20 శాతం తేమ అయితే సుమారు 25. అదే 36 డిగ్రీలు, 70 శాతం తేమ అయితే 31. మీ బావగారి ఒళ్ళు అబద్ధం చెప్పలేదు.

తడిబుడ్డి 35 దాటి కొన్ని గంటలు ఉంటే, నీడలో, ఫ్యాను కింద, నీళ్ళు తాగుతూ కూర్చున్నా మనిషి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. అందుకే ఎడారి కంటే వేడి సముద్రాల ఒడ్డున ఉన్న ఊళ్ళ గురించే నాకు ఎక్కువ బెంగ. సౌదీలోని దహ్రాన్‌లో 2003 జూలై 8న గాలిలో ఎంత తేమ చేరిందంటే, 35 డిగ్రీల వేడి ఉన్న గ్లాసు మీద కూడా చెమ్మ పడుతుంది.

రెంటచింతల ఆడపడుచు:
కుండ పోలిక బాగుందండీ, కానీ అక్కడే ఆగిపోతే పొరపాటు. కుండకి మనం నీళ్ళు పోస్తూనే ఉంటాం. పొలంలో కూలికి పోయిన మనిషికి ఎవరు పోస్తారు? 2022లో పెన్‌స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల్ని గదిలో ఉంచి పరీక్షించారు. ఉక్క వాతావరణంలో తడిబుడ్డి 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పింది. పొడి వేడిలో ఇంకా ముందే, 25 నుంచి 28 మధ్యలోనే. గాలి ఒంటికంటే వేడిగా ఉంటే అదే వేడిని లోపలికి ఎక్కిస్తుంది. మీరు చెప్పిన 44, 20 శాతం అంటే ఆ 25 దగ్గరకే వచ్చాం కదా. మీరు తేలిక అనుకున్న మధ్యాహ్నం అది.

సత్యనారాయణపురం:
ఒప్పుకుంటున్నానమ్మా. తడిబుడ్డి ఒక్కటే చూస్తే పొడి ఎండ తేలికని అనిపిస్తుంది. ఆ సంగతి చెప్పకుండా వదిలేయడం నా పొరపాటే.

యార్డు గుమస్తా:
గుంటూరు మిర్చి యార్డు నుంచి. మీ ఇద్దరూ పగటి గురించే మాట్లాడుతున్నారు. ఏప్రిల్లో సరుకు జోరు మీద ఉంటుంది. ముఠా వాళ్ళు, అంటే మా హమాలీ కూలీలు, పొద్దంతా టిక్కీలు (మిర్చి బస్తాలు) మోస్తారు. పగలు ఎండ, మీద మిరప ఘాటు. అయినా పడిపోయేది మొదటిరోజు కాదు. నాలుగో రోజు, రాత్రుళ్ళు నిద్రలేక. రేకుల గదిలో నలుగురు పడుకుంటే ఫ్యాను కూడా వేడిగాలే కొడుతుంది. ఒమన్‌లోని ఖురియాత్‌లో 2018 జూన్‌లో ఒక రోజంతా 42.6కి కిందకు దిగలేదు. పగటి రికార్డు అందరికీ తెలుసు, ఈ రాత్రి రికార్డు ఎంతమందికి తెలుసు?

వడగాలి హెచ్చరికకి ప్రధాన కొలత పగటి గరిష్ఠమే. మైదానంలో కనీసం 40 ఉండి మామూలు కంటే 4.5 పెరగాలి, లేదా నేరుగా 45 తాకాలి. 39 డిగ్రీలు, రాత్రి 31, ఊపిరాడని ఉక్క అయితే మా షెడ్లలో పని యథాతథం. మా ముఠా మేస్త్రికి ఫోన్‌లో వచ్చే అంకెతో పాటు తేమ, రాత్రి వేడి కూడా రావాలి. నేను అడిగేది అదొక్కటే.

పటమట కుర్రాడు:
బావ పక్కనే కూర్చుని చదువుతున్నాడు. ఇప్పుడే మేడ మీద రెండు థర్మామీటర్లు కట్టాం, ఒకదానికి పాత పంచె గుడ్డ తడిపి చుట్టాం. రాత్రి తొమ్మిదింటికి పొడిది 35, తడిది 29. రోజూ మధ్యాహ్నం రెండుకి, రాత్రి తొమ్మిదికి ఇక్కడే రాస్తా. రెంటచింతల అక్కా, మీ పెరట్లో కూడా ఓ జత కడతారా?