ముందు జాగాలో గడ్డి పసుపెక్కుతోంది, తుంగ ఆగడం లేదు: టైల్స్ పరిపించేయాలా?

హోరమావు_కొత్తిల్లు:

అందరికీ నమస్కారం. బెంగళూరు హోరమావులో 30×40 అడుగుల స్థలంలో కట్టిన ఇల్లు కొన్నాం. గేటుకీ వరండాకీ మధ్య సుమారు 150 చదరపు అడుగుల మట్టి జాగా ఉంది. బిల్డరే మెక్సికన్ గ్రాస్ వేయించి ఇచ్చాడు. అప్పుడు తివాచీ పరిచినట్టుండేది. ఇప్పుడు మధ్యలో పసుపు మచ్చలు, గేటు పక్క కానుగ చెట్టు కింద వట్టి నేల, సందు దొరికిన చోటల్లా తుంగ కలుపు. బోరు నీళ్లే, రెండు పూటలా పైపుతో తడుపుతున్నాం. మాలి వారం వారం యూరియా చల్లమంటున్నాడు. నాన్నగారేమో ఈ తంటా ఎందుకురా, చెట్టు కొట్టించి టైల్స్ పరిపించెయ్ అంటున్నారు. పాపకు మూడేళ్లు. అది మట్టిలో ఆడుకోవాలని మా ఆవిడ ఆశ. ఏం చేయమంటారు?

వైట్‌ఫీల్డ్_కిరణ్:

బ్రో, తుంగకి గ్లైఫోసేట్ అనే కలుపు మందు కొట్టించండి. మా కమ్యూనిటీలో దారుల పక్కన అదే కొడతారు. పది రోజుల్లో ఎండిపోతుంది.

హిందూపురం_అమ్మ:

నాయనా, యూరియా ఆపు. మందు కొట్టే ఆలోచనా మానుకో. గ్లైఫోసేట్ తగిలిన పచ్చనిదల్లా చస్తుంది, తుంగతో పాటు నీ గడ్డీ పోతుంది. భూమిలో మొలకెత్తకుండా పడుకున్న తుంగ గడ్డలకు మాత్రం అది అందదు. పసిపాప ఆడే నేల మీద అదెందుకు?

ముందు గునపం తీసుకుని పసుపు మచ్చ నడిమధ్యన మూరెడు లోతు తవ్వు. పైన నాలుగు వేళ్ల ఎర్రమట్టి, దాని కింద ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు, టైల్స్ ముక్కలు వస్తే నీ నేలకున్న రోగం తెలిసిపోయినట్టే. బెంగళూరు విద్యారణ్యపురలో మా వీధిలోనే చూస్తున్నాను. ఇల్లు కట్టగా మిగిలిన చెత్తంతా ముందు జాగాలో పూడ్చి, పైన ఒక ట్రాక్టరు ఎర్రమట్టి తోలి, దాని మీద గడ్డి పరిచి తాళాలు చేతికిస్తారు. కొనేవాళ్లు పచ్చదనం చూసి మురిసిపోతారు. నాకు ఒళ్లు మండుతుంది. మట్టంటే చెత్త దాచుకునే చోటు కాదు కదా.

సిమెంటులోని సున్నం మట్టిని క్షారంగా మారుస్తుంది. క్షారం ఎక్కువైతే మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, ఆకు పసుపెక్కుతుంది. యూరియా చల్లితే కొన్నాళ్లు పచ్చబడినట్టు కనబడి మళ్లీ మొదటికొస్తుంది. మీ బకెట్లకు తెల్లటి పొర కడుతుందా? కడితే మీ బోరు నీళ్లూ గట్టివే, అంటే సున్నం, ఉప్పులు ఎక్కువున్నవే. రెండు పూటలా పైపైన తడిపితే ఆ ఉప్పంతా పైమట్టిలోనే పేరుకుంటుంది, వేరు కిందికి దిగదు. రెండు మూడు రోజులకోసారి తెల్లవారుజామున జానెడు లోతు తడిసేలా పెట్టు. వంటింటి ఆర్‌వో యంత్రం వదిలే నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, అవి పోయొద్దు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు నిక్షేపంగా పోసుకో.

తవ్విన గుంతను నీళ్లతో నింపి ఇంకనియ్యి. మళ్లీ నింపి గంటకు ఎంత దిగిందో కొలువు. రెండంగుళాలు దిగితే పరవాలేదు. పూటంతా నిలిచే ఉందంటే కింద నేల గట్టిపడిపోయిందని అర్థం.

తుంగ సంగతి. ఆకు పట్టుకుని లాగితే తెగి చేతికొస్తుంది, కింద గడ్డ మళ్లీ మొలుస్తుంది. తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు జానెడు లోతు తిరగేసి గడ్డల్ని ఏరి పారెయ్యాలి. మళ్లీ మొలిచినప్పుడల్లా, కొత్త గడ్డలు కట్టకముందే తవ్వి తియ్యాలి. ఓపిక పని. ఇంతకన్నా దగ్గరిదారి నాకు కనబడలేదు.

చెట్టు జోలికి మాత్రం పోవద్దని నాన్నగారికి నా మాటగా చెప్పు. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం సొంత జాగాలో చెట్టు కొట్టాలన్నా ట్రీ ఆఫీసరు అనుమతి కావాల్సిందే. చట్టం అటుంచు, ఏప్రిల్ మధ్యాహ్నం ఆ కానుగ నీడలో ఒక కుర్చీ వేసి ఆయన్ని కూర్చోబెట్టు. ఆయనే వద్దంటారు.

హెచ్ఎస్ఆర్_స్వాతి:

అమ్మా, మధ్యలో నాదో ప్రశ్న. వాన మొదలైతే పెద్ద పెద్ద నత్తలు గోడలెక్కి మొక్కలన్నీ కొరికేస్తున్నాయి. ఉప్పు చల్లమంటున్నారు, చల్లనా?

హిందూపురం_అమ్మ:

ఉప్పు నేల మీద చల్లితే మట్టి పాడవుతుంది స్వాతమ్మా. అవి ఆఫ్రికా నత్తలు. సాయంత్రం గోనెసంచి తడిపి, కింద బొప్పాయి ఆకులో తొక్కలో వేసి ఉంచు. తెల్లారేసరికి దాని కింద చేరతాయి. చేతికి గ్లవుజులు వేసుకునే తియ్యి, వాటిలో మనుషులకు జబ్బు తెచ్చే పురుగులుంటాయి. ఉప్పు కలిపిన నీళ్ల బకెట్లో వేసి, చచ్చాక పూడ్చెయ్యి.

హోరమావు_కొత్తిల్లు:

అమ్మా, తవ్వాను. అచ్చం మీరు చెప్పినట్టే! అరచేతి మందం మట్టి, కింద సిమెంటు పెళ్లలు, ఒక చోట ఖాళీ సంచి కూడా వచ్చింది. పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికీ సగం అలాగే ఉన్నాయి. ఇప్పుడేం చేయను?

హిందూపురం_అమ్మ:

ఇద్దరు మనుషుల్ని పెట్టి అడుగు లోతు తీయించు. పెళ్లలు బయటికి పంపు, కానుగ వేళ్లున్న చోట గునపం వేయనియ్యొద్దు. మంచి ఎర్రమట్టి నింపి, బాగా చివికిన పశువుల ఎరువు రెండంగుళాల మందాన పరిచి కలియదవ్వించు. కాసింత వేపపిండి కూడా. ఈ పని మే నెలలో అయిపోతే ఆ తర్వాత వానలే చూసుకుంటాయి.

ఎండ తగిలే సగంలో మామూలు గరిక పిలకలు నాటు. పాప తొక్కినా తట్టుకుంటుంది, వినాయకచవితికి కొననక్కర్లేదు. చెట్టు కింద గడ్డి ఆశ వదులుకో, ఆ నీడలో అది బతకదు. మొదలుకు మూడడుగులు వదిలి పసుపు, అల్లం వేసుకో. ఉగాది దాటాక పెడితే సంక్రాంతికి పసుపు కొమ్ములు చేతికొస్తాయి. కానుగ రాల్చే ఆకు ఊడ్చి కాల్చొద్దు, అక్కడే పరిచి ఉంచితే నేల తడి ఆరదు.

ఇంకొకటి. మిద్దె మీది వాన నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. బెంగళూరు నీటి బోర్డు చట్టానికి 2009లో చేసిన సవరణ తర్వాత 30×40 స్థలంలో కట్టే కొత్త ఇళ్లకు వాననీటి ఏర్పాటు తప్పనిసరి. పైపు కాలవలోకి వదిలేసి ఉంటే బిల్డర్ని అడుగు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దగ్గర దగ్గర 900 లీటర్లు. 2024 మార్చిలో నీళ్ల కరువొచ్చి, తాగునీళ్లు తోటకు పోస్తే ఐదు వేలు జరిమానా అన్నారు ఈ ఊళ్లో. ఆ పైపు ఒక డ్రమ్ముకూ, అది నిండాక ఇంకుడుగుంతకూ కలిపించు. ఎలాగూ తవ్వుతున్నారు కాబట్టి మనుషులు ఉన్నప్పుడే ఆ గుంత కూడా తీయించెయ్యి, పునాదికి దూరంగా, గేటు వైపు, కానుగ వేళ్లకు తగలకుండా.