చెట్ల కింద గడ్డి నిలవడం లేదు, బదులుగా ఏం వేయాలి?

ప్రశ్న: పెరడు చివర పెద్ద చెట్లు గుబురుగా ఉన్నాయండీ. వాటి కింద మూడు నాలుగు మీటర్ల వెడల్పున నేల బోసిగా ఉంటోంది. గడ్డి వేస్తే కొన్నాళ్లు పచ్చగా ఉండి పలచబడిపోతోంది. రోజూ నీళ్లు పట్టే ఓపిక నాకు లేదు. వెడెలియా అనే పాకే మొక్క వేస్తే ఇట్టే అల్లుకుంటుందని ఒకరన్నారు. వేయమంటారా? మా కుక్క కూడా అటే తిరుగుతుంది.

జవాబు: వెడెలియా మాత్రం వద్దండీ. ప్రపంచంలోని 100 అత్యంత హానికరమైన దురాక్రమణ జాతుల జాబితాలో దాని పేరుంది. కణుపు నేలకు తగిలిన చోటల్లా వేరు పోస్తుంది. మీ చెట్ల అంచు దాటితే ఇక ఆపలేరు. పైగా దాని పసుపు పూలు నిండుగా రావాలంటే ఎండ కావాలి.

ముందు నేల సంగతి చూడండి. వాన వెలిసిన మర్నాడు జానెడు లోతు తవ్వండి. లోపల పొడిగా ఉంటే నీడ కన్నా వేళ్ల పోటీయే పెద్ద చిక్కు. చిన్న జల్లులు ఆకుల మీదే ఆగిపోతాయి, కిందకి దిగిన కాస్తా చెట్టే తాగేస్తుంది. అలాంటి చోట నా ఓటు మోండో గ్రాస్‌కే. పేరులో గడ్డి ఉన్నా, చూడ్డానికి సన్నాకుల గడ్డి దుబ్బులా ఉన్నా గడ్డి జాతి కాదు, కోయనక్కర్లేదు. దుబ్బును పిలకలుగా విడదీసి 10-15 సెంటీమీటర్ల ఎడంలో నాటుకోవచ్చు. మెల్లగా పెరుగుతుంది, అదొక్కటే లోపం. నేల పూర్తిగా మూసుకునేదాకా కలుపు మీరే పీకాలి. ఏం వేసినా మొదటి ఏడాది ఈ చాకిరీ తప్పదు. కాస్త పొడుగు కావాలంటే అలాంటిదే లిరియోపె అనే మొక్క వేయండి. తేమ నిలిచే మూల ఉంటే ఫెర్న్‌లకు వదిలేయండి. చలికి నేల గడ్డకట్టే ప్రాంతమైతే పాకిసాండ్రా అనే నేలను కప్పే మొక్క నయం.

ఇంకో జవాబు: మేం చెట్ల కింద నేల మీద మనీప్లాంట్ తీగ వదిలేశాం. ఏ సేవా లేకుండా పాకిపోయింది. ఇంత ఆలోచన అవసరమా?

మొదటి జవాబిచ్చినవారు: పాకుతుంది, చెట్టు కూడా ఎక్కుతుంది కదండీ! పైకెక్కాక ఆకులు చేటలంత అవుతాయి. తీగను ఎప్పటికప్పుడు మొదట్లో కత్తిరిస్తూ కూర్చోవాలి. వీరు అడిగింది పని లేని మొక్క. సింగోనియం అనే తీగది కూడా ఇదే తంతు. ఈ రెండింటిలోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి, కుక్క నమిలితే నోరు మండి చొంగ కారుస్తుంది. కుక్క ఉన్నచోట నేనైతే వేయను.

ప్రశ్న అడిగినవారు: మోండో గ్రాసే వేస్తానండీ. నేలంతా తవ్వి కొత్త మట్టి పోయించనా? రాలిన ఆకులు ఊడ్చేయాలా?

మొదటి జవాబిచ్చినవారు: రెండూ వద్దు. చెట్టుకి నీళ్లందించే సన్నవేళ్లు ఎక్కువగా పై 30 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటాయి. అంతా తవ్వితే అవి తెగుతాయి, పైన మందంగా మట్టి పోస్తే గాలాడక చచ్చిపోతాయి. బొరిగతో వేళ్ల మధ్య సందులు చూసుకుని, పిలక పట్టేంత గుంట తీస్తే చాలు. లావు వేరు తగిలితే పక్కకి జరగండి. వరసలు తిన్నగా రాలేదని బెంగ పడకండి.

ఆకులు అక్కడే ఉండనివ్వండి. మొక్కల మధ్య 5 సెంటీమీటర్ల మందాన పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు తగ్గుతుంది. చెట్టు మొదలుకి ఆనించి మాత్రం పోగెయ్యకండి, బెరడు కుళ్లుతుంది. పెద్ద ఆకులు పిలకల మీద చాపలా పడితే ఆ కాసిని పక్కకి లాగండి. వానలు మొదలవగానే నాటితే నీళ్ల పని తగ్గుతుంది. అయినా వేళ్లూనేదాకా వాన ఎగ్గొట్టిన వారంలో ఒకసారి తడపాలి. కుక్క రోజూ నడిచే దారి ఉంటుందిగా, అక్కడ ఏ మొక్కా నిలవదు. ఆ మేర బెరడు ముక్కలు పోసి వదిలేయండి.